బావమరిది పెట్టిన ఎర్ర చుక్కలు

అనగనగా ఒక రాజ్యానికి మోకాళ్ళ నొప్పులున్న రాజుగారొకాయన ఉండేవాడు. దుప్పటి లాక్కోకండర్రా, ఇద్దరికీ సరిపోతుంది. ఆ రాజుగారికి నేల కింద వేడినీళ్ళుంటాయని ఎవరో చెప్పారు. అవి దొరికితే కట్టెలక్కర్లేదు, పొయ్యక్కర్లేదు, ఆ ఆవిరితోనే అన్నం ఉడుకుతుంది, పిండిమర తిరుగుతుంది, తన మోకాళ్ళూ వంగుతాయి. ఇంకేం, రాజ్యమంతా తిరిగి వేడినీళ్ళున్న చోటల్లా పటం మీద ఎర్ర చుక్క పెట్టమన్నాడు.

ఆ పని ఎవరికిచ్చాడు? బావమరిదికి. ఇంకెవరికిస్తాడు? బంగారయ్య ఆయన పేరు. పల్లకి దిగితే అరుగు, అరుగు దిగితే పల్లకి, కాలు మట్టికి తగలనిచ్చేవాడు కాదు. ఊ కొడుతున్నారా? ఆఁ, కొట్టండి.

గడపలోకొచ్చిన మనిషికి మనవాళ్ళు ముందు కాళ్ళకి నీళ్ళిస్తారు కదా. అసలే పుష్యమాసం, పైగా వచ్చింది రాణిగారి తమ్ముడాయె. చన్నీళ్ళిస్తే బావుండదని కాచి ఇచ్చారు. ఆ నీళ్ళు కాళ్ళ మీద పడగానే, ఈ ఊళ్ళో వేడినీళ్ళున్నాయని ఆయన చుక్క పెట్టేశాడు. పక్క ఊళ్ళోనూ కాచి ఇచ్చారు, అక్కడా చుక్క. ఆ పక్క ఊళ్ళోనూ అంతే. చివరికి పటం తట్టు పోసిన పిల్లాడి వీపులా తయారైంది. సభలో దానికి చప్పట్లు కొట్టి శాలువాలు కప్పుకున్నారు.

వెనకాలే గునపాలొచ్చాయి. చుక్క పడితే గొయ్యి, గొయ్యి పడితే ఇల్లు ఖాళీ. నీళ్ళు పడ్డాయా? మట్టి పడింది. ఇంకా లోతుకెళ్ళాలన్నారు పండితులు.

నిజంగా వేడినీళ్ళున్నది పొగలకోన అనే ఒక్క ఊళ్ళోనే. ఊరి చివర రాళ్ళ మధ్య పొగలు కక్కే గుండం ఉంది. ఆ ఊళ్ళో ఏ బాలింతకైనా ఆ నీళ్ళే. ఆ ఊరి కోడలు మాణిక్యం నిండు చూలాలు. ఆమె పుట్టింట్లో అప్పటికే చుక్క పడి, గొయ్యి పడి, వాళ్ళమ్మ చెట్టు కింద పొయ్యి పెట్టుకుంది. పురిటికి అక్కడికి వెళ్ళే దారి లేదు, ఈ గుండం కూడా పోతే పుట్టబోయే బిడ్డకి నీళ్ళెక్కడివని మాణిక్యం ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, ఆలోచించింది.

బంగారయ్య రానే వచ్చాడు. అత్తగారు మర్యాదగా పొయ్యి రాజెయ్యబోతే, "మీరు కూర్చోండి అత్తయ్యా, నేనిస్తాను" అంది మాణిక్యం. మంచులో పెట్టిన కుండ తెచ్చి ఆయన పాదాల మీద కుమ్మరించింది. ఆయన ఎగిరి పల్లకిలో పడ్డాడు. ఈ నేలలో వేడన్నదే లేదని ఊరిని పటంలో కొట్టేశాడు. పోయింది గుండం పక్కనుంచేనర్రా, ఆవిరి చూసి పొగమంచనుకున్నాడు.

తవ్వి తవ్వి ఎక్కడా తడి తగలకపోయేసరికి రాజుగారే మారువేషమేసుకుని చూద్దామని బయల్దేరాడు. పొగలకోన దగ్గర మోకాళ్ళు మొరాయించి కూలబడ్డాడు. అప్పటికి మాణిక్యానికి ఆడపిల్ల పుట్టింది. గుండం దగ్గర అత్తగారు మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. ఆయన రాజని ఆవిడకి తెలీదు. మూలుగుతుంటే చూడలేక, పిల్లదయ్యాక మీరూ కూర్చోండి అంది. నాలుగు చెంబులు పడేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. పటం విప్పి చూసుకుంటే అక్కడ చుక్కే లేదు. ఎందుకు లేదని అడిగితే పక్కనే ఉన్న మాణిక్యం దాచలేదు.

"చుక్క పెట్టిన ఊళ్ళో మా అమ్మకి పొయ్యి పెట్టుకునే చోటు లేదండీ. ఇక్కడా పెడితే నా పిల్లకి నీళ్ళుండవు. అందుకే ఆయనకి చన్నీళ్ళు పోశాను" అంది.

రాజుగారికి సిగ్గేసింది. కానీ రాజు కదా, పటం తప్పని ఒప్పుకుంటే ఆ శాలువాలన్నీ ఏం కావాలి? అందుకని పటం తప్పు కానే కాదన్నాడు. ఎర్ర చుక్క ఉన్నచోట వేడినీళ్ళుండాల్సిందే, లేకపోతే పెట్టినవాడు కాచి పొయ్యాల్సిందే అన్నాడు. బంగారయ్య చేత గోతులు పూడ్పించి, ఇళ్ళు కట్టించి, చుక్క పెట్టిన ప్రతి ఊళ్ళో బాలింతలకి కాగు కింద మంట పెట్టే పని అప్పగించాడు. కట్టెలు కూడా ఆయనే మొయ్యాలి. మొదటి కాగు మాణిక్యం వాళ్ళమ్మ ఇంట్లోనే. పొగలకోన గుండం మాత్రం పటానికి ఎక్కలేదు, పిల్లలకీ ముసలాళ్ళకీ ఉండిపోయింది.

అందుకే, కాళ్ళకిచ్చిన నీళ్ళు చూసి ఊరంతా తెలిసిపోయిందనుకోకండి, చివరిదాకా నడిచి చూడండి. కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి. బంగారయ్యా? ఆయన పాపం ఇంకా మంట ఊదుతూనే ఉన్నాడు, మీరు పడుకోండి.