పులి పనికి మూడు వందల మంది

"ఈ అడవిలో పులి చేసే పని ఏమైనా ఉంటే, నేటి నుంచి నా సైన్యమే చేస్తుంది."

కొండల నడుమనున్న ఒకానొక రాజ్యంలో, పులులన్నిటినీ కొండవతలికి తరిమేసిన రోజున గండభూపాలుడు చెక్కించిన శాసనం అది. అవి తిరిగి రాకుండా ముళ్లకంచె వేయించి, మూడు వందల మంది భటులను కాపలా పెట్టాడు.

ఐదేళ్లలో జింకలు విపరీతంగా పెరిగాయి. ఏటి ఒడ్డున వెదురు పిలకను తలెత్తనివ్వలేదు. వెదురు వేళ్ల పట్టు లేక గట్లు కూలి, ఏరు పూడి ఎండిపోయింది. జొన్నచేలూ జింకల పాలయ్యాయి. రైతులు మొరపెట్టుకుంటే, ఏరు ఎండితే పాపం జింకల తప్పేమిటని రాజు విసుక్కున్నాడు. నిజానికి ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

అప్పుడు సభలో అందరికంటే చిన్నవాడు, ఏటిగట్టు రైతుబిడ్డ తిప్పన లేచాడు. శాసనం చదివి వినిపించి, అన్నమాట ప్రకారం సైన్యాన్ని పంపమన్నాడు. రాజుకు పౌరుషం వచ్చింది. కంచె దగ్గరి భటులందరినీ తీసుకుపొమ్మన్నాడు. తిప్పన వాళ్లను దిగువ చేలల్లో మంచెలెక్కించి, చేతికి డప్పులిచ్చాడు. జింకలు వారం రోజులు బెదిరాయి. తర్వాత డప్పు వింటూనే మేశాయి.

మూడు వర్షాకాలాలు గడిచాక రాజు ఏరు చూడబోయాడు. భటులున్న దిగువ ఒడ్డు బోడిగా ఉంది. ఒక్క భటుడూ లేని ఎగువన వెదురు మనిషెత్తు పెరిగింది, గట్లు నిలిచాయి, నీరు తేటగా పారుతోంది. రాజు కిందికీ పైకీ రెండుసార్లు నడిచి, తల గోక్కున్నాడు.

"ఏమిటోయ్ ఇది? ఇక్కడ కాపలా ఎవరు?"

తిప్పన తడి ఇసుకలో పంజా గుర్తు చూపించాడు. "ఒక ఆడపులి, ప్రభూ. కాపలా లేని కంచె సందులోంచి వచ్చింది."

రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. "ఒక్క పులి అన్ని జింకలనూ తినేసిందా?"

"ఎప్పుడో ఒకటి తింటుంది. మిగతావి ఒకేచోట నిలబడి మేయడానికి జంకుతున్నాయి. ఆ కాస్త వ్యవధిలో పిలక పెరుగుతోంది. దీన్ని చంపితే, శాసనం ప్రకారం ఆ పని మళ్లీ మీ వాళ్లదే. మూడు వందల మంది చాలలేదు కనుక, ఈసారి మంచె మీదికి ప్రభువులవారే ఎక్కాలి."

డప్పుతో మంచె మీద తనను తాను ఊహించుకుని రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కత్తి వదిలేశాడు. మెడలోని హారం తీసి తిప్పన మెడలో వేసి, కంచె మొత్తం పీకిస్తానన్నాడు.

తిప్పన మాత్రం నవ్వలేదు.

"మీ మొదటి మాట రాతి మీద భద్రంగానే ఉంది ప్రభూ, ఎండింది మా ఏరు. ఈ మాటనూ చెక్కించి, దాని కింద గడువు కూడా వేయించండి. మాఘ పౌర్ణమికి కంచె ఉండకూడదు. ఉంటే ఎందుకుందో ఆ రోజే, ఇదే ఒడ్డున, రైతులందరి ముందూ తమరు జవాబు చెప్పాలి."