సూదమ్మ గురివింద గింజలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది తన ఇద్దరు పిల్లలతో ఒక బొరియలో కాపురం ఉండేది. ఒంటి నిండా ముళ్లే గానీ మనసు మాత్రం మెత్తన.

ముళ్లపందులు దుంపలు తిని బతుకుతాయి కదా. వాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. దుంప తవ్వినప్పుడు దాని తలను మట్టిలోనే వదిలేస్తారు. వాన పడగానే ఆ తల మళ్లీ తీగ వేస్తుంది. కింద కొత్త దుంప ఊరుతుంది. సూదమ్మ వాళ్లమ్మ అలాగే చేసింది. అమ్మమ్మా అలాగే చేసింది.

ఇలా ఉండగా ఆ అడవికి ఒక వింత వచ్చిపడింది. కొండ కొసన ఉన్న ఒకే ఒక్క తీగకి గురివింద గింజలు కాశాయి. ఎర్రెర్రగా, నల్లటి బొట్టు పెట్టుకుని, ఎంత ముద్దుగా ఉంటాయో! తినడానికి మాత్రం పనికిరావు. విషం. కొమ్మయ్య అనే కొండముచ్చు వాటిని కోసుకొచ్చి, సగం తన దగ్గరే దాచుకున్నాడు. మిగతా సగం అమ్మకానికి పెట్టి, "తీగ ఎండిపోయింది. ఇంక కాయదు. ఉన్నవి ఇవే!" అని చాటాడు.

అంతే. నాకంటే నాకని అందరూ ఎగబడ్డారు. ఎందుకు కావాలో ఎవరికీ తెలీదు. పక్కవాళ్లకి కావాలి కాబట్టి తమకీ కావాలి. అడవి మధ్య చదును బండ మీద నిలబడి గోరింక రోజూ ధర అరిచేది. మొదట గింజకి ఒక దుంప. తర్వాత గింజకి గంపెడు. ఆ తర్వాత గింజకి మోపెడు!

సూదమ్మ చాలా రోజులు వద్దనుకుంది. అందరూ కొన్నాక, ధర బాగా పెరిగాక, అప్పుడు పుట్టింది ఆశ. ఆలస్యంగా వచ్చిన ఆశ ఎంత తొందరపెడుతుందో చూడండి. ఇంట్లో దాచిన దుంపలు చాలలేదని, నేలలో ఉన్న తలలు కూడా పెకలించి ఇచ్చేసింది. దొప్పెడు గింజలు తెచ్చుకుంది.

కొన్నాళ్లకే ధర జారింది. జారి జారి ఒకచోట ఆగింది. ఇక పైకి లేవదు, కిందికి పడదు. ఎండలో చతికిలబడ్డ గేదెలా కదలక మెదలక ఉండిపోయింది.

పొద్దున లేస్తే అందరూ ఆ బండ దగ్గరే.

"ఏం వదినా, ఇవాళెలా ఉంది?" అని అడిగేది కుందేలు.

"నిన్నటిలాగే" అనేది సూదమ్మ.

"మరి రేపు?"

"ఏమో."

అలా కూర్చుని కూర్చుని నడుములు పట్టేశాయి. చూసి చూసి కళ్లు వాచిపోయాయి. ఇంటి దగ్గర పిల్లలు చెట్టు బెరడు కొరుక్కుని నీళ్లు తాగి పడుకుంటున్నారు.

ఆ అడవిలో ఒక జెముడుకాకి తాత ఉండేవాడు. జెముడుకాకి ఎదురొస్తే శుభం అంటారు కదా. అందుకని ఎదురొచ్చిన తాతను ఆపి ధర సంగతి కూడా అడగడం మొదలుపెట్టారు.

సూదమ్మ వెళ్లింది. "తాతా, మా గింజల ధర ఎప్పుడు లేస్తుంది?"

తాత గొంతు సవరించుకున్నాడు. "గుప్, గుప్. మోదుగ పూలు రాలనీ అమ్మా. లేస్తుంది."

మోదుగ పూలు రాలాయి. ధర లేవలేదు.

సూదమ్మ మళ్లీ వెళ్లింది. "గుప్, గుప్. ఇప్పపూలు కూడా రాలనీ అమ్మా. ఈసారి లేస్తుంది."

ఇప్పపూలూ రాలాయి. ధర అక్కడే ఉంది. సూదమ్మ చిన్నకూతురు మాత్రం లేవలేక బొరియలో ఓ మూలకి ఒదిగిపోయింది.

ఆ రోజు అడవిపంది బురదయ్య వచ్చాడు. "చెల్లెమ్మా, మబ్బు పడుతోంది. నా దగ్గర దుంప తలలున్నాయి. నీ దొప్పెడు గింజలూ ఇస్తే గుప్పెడు తలలిస్తాను. పిల్లలకని నాలుగు దుంపలు కూడా ఇస్తాను. మా అమ్మాయి మెళ్లోకి దండ గుచ్చాలి."

"గుప్పెడేనా అన్నయ్యా! వీటికోసం నేను మోపులు మోపులు పోశాను!"

"నువ్వు పోసిన లెక్క నాకెందుకమ్మా? వాన పడేదాకానే ఈ మాట. తర్వాత నా తలలు నేనే పాతుకుంటాను."

కొమ్మ మీంచి కొమ్మయ్య పకపకా నవ్వాడు. "ఇవ్వకు అక్కా, ఇవ్వకు! ఇప్పుడిస్తే నీ అంత వెర్రిది ఈ అడవిలోనే ఉండదు. ఇన్నాళ్లు ఆగినదానివి ఇంకొన్నాళ్లు ఆగలేవూ?"

సూదమ్మ మూడోసారి తాత దగ్గరికి నడిచింది.

"నిజం చెప్పు తాతా. నా పిల్ల లేవడం లేదు."

ఈసారి తాత గొంతు సవరించుకోలేదు. తల వంచుకున్నాడు. "అమ్మా, నేను ఎదురొస్తే శుభమని మీరే అనుకున్నారు. ధర సంగతి నాకేం తెలుసు? అడిగేవాళ్ల మొహాలు చూస్తే జాలేసేది. లేస్తుందనేవాణ్ణి."

"అయితే లేవదా?"

"అదీ తెలీదమ్మా."

ఎందుకో సూదమ్మకి కోపం రాలేదు. అలసట ఒక్కటే వచ్చింది. ఇంటికెళ్లి దొప్ప ఎత్తుకుని బురదయ్య దగ్గరికి పోయింది. గింజలన్నీ అతని ముందు గుమ్మరించింది. తలలూ దుంపలూ తెచ్చుకుంది.

ముందు పిల్లలకి పెట్టింది. తర్వాత ఒక్కో తలనీ పాతుతూ, పోయిన మోపులు తలుచుకుని ఏడ్చింది. ఏడుస్తూనే పాతింది. చివరి తల మీద మట్టి కప్పుతుంటే మొదటి చినుకు పడింది.

వానల్లో ఆకులూ పుట్టగొడుగులూ తిని గడిపారు. తీగలు చెట్లెక్కాయి. వానలు వెనకబట్టాక కింద దుంపలు ఊరాయి.

తల్లీ పిల్లలూ తవ్వుకుంటుంటే కొమ్మయ్య రొప్పుతూ వచ్చాడు. "విన్నావా అక్కా! ధర లేచింది! రెండింతలయింది! నేను చెప్తే విన్నావా నువ్వు?"

సూదమ్మ చేతిలో దుంప జారిపోయింది. బాధ ఉండదూ మరి? జారిన దుంప ఏరుకుని అడిగింది. "అయితే నీ గింజలన్నీ ఇచ్చేశావా తమ్ముడూ?"

"అబ్బే! ఇప్పుడెవరైనా ఇస్తారా? ఇంకా లేస్తుంది!"

సూదమ్మ అతనికేసి చూసింది. పక్కటెముకలు బయటపడ్డాయి. తోక నేల మీద వాలిపోయి ఉంది.

"తిండి తిన్నావా?"

కొమ్మయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "నిన్న... కాదు, మొన్న అనుకుంటా. వచ్చిన దుంపలన్నీ మళ్లీ గింజలకే పోసి, బండ దగ్గరే కూర్చున్నా."

సూదమ్మ ఒక దుంప అతని వైపు దొర్లించింది. కొమ్మయ్య మన్నైనా దులపకుండా గబగబా తినేశాడు. మూతి తుడుచుకుని, నేల చూపులు చూస్తూ చిన్నగా అడిగాడు.

"ఇంకోటుందా అక్కా?"

నీతి: రేపటి ధర ఏమిటో ఎవరికీ తెలీదు, ఇవాళ్టి ఆకలి ఇంట్లో అందరికీ తెలుసు, తెలిసిన దాన్ని చూసుకుని నడుచుకోవాలి.