పసుపమ్మ మూసిన నోరు

ఇటు జరుగు. ఆ దిండు కాస్త నాకూ ఉంచు. మీ అమ్మ మీద అలిగితే అలిగావు, నా చెయ్యి మీద మాత్రం తల పెట్టుకో. ఏదీ, రెక్క చూపించు. అయ్యో, కందిపోయిందే! బజార్లో అంత గట్టిగా లాగిందా? సరేలే, దానితో మాట్లాడకు. రేపు కూడా మాట్లాడకు. ముందు ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక డాబా ఇల్లు. ఆ ఇంట్లో కిటికీ పక్కన ఒక గాజు తొట్టి. ఆ తొట్టి ఒక పిల్లది. రెండు జడలు, ఏడో క్లాసు, ముక్కు మీద కోపం. అచ్చం నీలాగే.

పుట్టినరోజుకి ఆ పిల్ల ఒక చేపని తెచ్చుకుంది. ఒళ్ళంతా పసుపు రాసుకున్నట్టు ఉండేది, అందుకని దానికి పసుపమ్మ అని పేరు పెట్టింది. అది సిక్లిడ్ జాతి అని చేపల దుకాణం ఆయన చెప్పాడు. నాకు ఆ పేరు నోరు తిరగదు. నవ్వకు!

అంతా బాగానే ఉంది గానీ, వచ్చిన దగ్గర్నించీ పసుపమ్మ నోరు తెరవదు. మూతి బిగించుకుని, గడ్డం కింద ఉబ్బి, రాయి చాటున నిలబడుతుంది. మేత వేస్తే చూస్తుంది, తినదు. పిల్లకి బెంగ పట్టుకుంది. "అమ్మా, ఇది చచ్చిపోతుందేమోనే" అని ఏడుపు.

ఆ అమ్మ ఉందే, ఆ ఇంటి ఇల్లాలు, ఆవిడకి అన్నీ తెలుసుననుకునే రోగం. "చచ్చిపోవడమేమిటే, అజీర్తి చేసుంటుంది" అంది. అని, వాము కాచి వడకట్టి, ఆ నీళ్ళు నాలుగు చుక్కలు తొట్టిలో వేసింది. చేపకి వాము నీళ్ళు! పసుపమ్మ నోరు తెరవలేదు.

ఆ తర్వాత, "దిష్టి తగిలిందే దీనికి, రంగు చూసి ఎవరో ఏదో అనుకునుంటారు" అంది. కల్లుప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి తొట్టి చుట్టూ ముమ్మారు తిప్పి పొయ్యిలో పడేసింది. ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి చచ్చారు. పసుపమ్మ మాత్రం నోరు తెరవలేదు.

అలా వారం గడిచింది. చేప చిక్కి సగమైంది.

అప్పుడు ఒకరోజు మధ్యాహ్నం, పిల్ల బడికి పోయాక, ఇల్లాలు తొట్టి దగ్గరికి వచ్చి చూసింది కదా, పసుపమ్మ మూతి ముందు బియ్యపు గింజలంత పిల్లలు! ఇంతింత కళ్ళు, ఇంతింత తోకలు. ఎక్కడ పుట్టాయో, ఎప్పుడు పుట్టాయో! "ఓలమ్మో, బాలింతవా నువ్వు!" అని ఆవిడ పొంగిపోయింది. గబగబా వెళ్ళి గరిటెడు గంజి తెచ్చి, వాటికి పొయ్యాలని చెయ్యి లోపల పెట్టింది.

పెట్టిందో లేదో, పసుపమ్మ నోరు బార్లా తెరిచింది. ఒక్క గుక్కలో పిల్లలన్నీ లోపలికి! మళ్ళీ మూతి బిగించేసింది.

"ఓసి రాక్షసీ! కన్న పిల్లల్నే మింగేశావా!" అని ఇల్లాలు శివాలెత్తిపోయింది. పంపు కింద బకెట్టు పెట్టి, నీళ్ళు పట్టి, ఆ చేపని వలతో ఎత్తి అందులో పడేసింది. ఇంకా ఎక్కడైనా ఒక్క పిల్లైనా మిగిలిందేమోనని తొట్టంతా వెతుకుతూ కూర్చుంది. పాపం, ఆవిడ మంచికే చేశాననుకుంది.

సాయంత్రం పిల్ల వచ్చింది. పుస్తకాల సంచీ తియ్యకుండానే బకెట్టులోకి తొంగిచూసింది. పసుపమ్మ పక్కకి ఒరిగిపోయి ఉంది. మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, ఇవి పంపు నీళ్ళా? బ్లీచింగ్ వాసనొస్తోంది. పంపు నీళ్ళు ఒకరోజు నిలవుంచి పొయ్యాలని దుకాణం ఆయన చెప్పలేదూ!"

"పోతే పోనీ. పిల్లల్ని తిన్న తల్లి అది."

పిల్ల వినిపించుకోలేదు. రెండు చేతులా చేపని పట్టుకుని తొట్టిలోకి వదిలింది. అది అడుక్కి జారిపోయి అలాగే పడుంది. "ఊపిరాడకపోతే నోరు తెరవచ్చు కదమ్మా, ఎందుకు తెరవట్లేదు?" అని పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇల్లాలూ అక్కడే కూలబడింది.

చాలాసేపటికి పసుపమ్మ తోక కదిపింది. ఆ తర్వాత నిటారుగా నిలబడింది. ఆ తర్వాత రాయి చాటుకి వెళ్ళి, అటూ ఇటూ చూసి, మెల్లిగా నోరు తెరిచింది.

ఒకటి బయటికొచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. లెక్క పెడితే పదిహేడు! ఒక్కటీ తగ్గలేదు.

మింగలేదే తల్లీ, దాచుకుంది. గుడ్లప్పటి నించీ దాచుకునే ఉంది. నోరు తెరిస్తే ఎక్కడ జారిపోతాయోనని తిండి మానేసింది. ఆ బకెట్టులో ప్రాణం పోతున్నా తెరవలేదు. అది భయపడింది ఎవర్ని చూసో తెలుసా? గంజి గరిటె పట్టుకొచ్చిన ఆ ఇల్లాల్ని చూసి.

ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. చేపకి చేతులు జోడించి దణ్ణం పెట్టింది. ఆనాటి నించీ నీళ్ళు నిలవుంచే పని ఆవిడదే. ఉడికిన గుడ్డులో పచ్చసొన వేలి కొసతో నలిపి, ఆ పదిహేడింటికీ మూడు పూటలా పెట్టే పనీ ఆవిడదే. అన్నీ పెద్దవయ్యాయి.

ఆ ఇల్లాలు ఎవరనుకున్నావు? నేనేనే మొద్దూ. ఆ రెండు జడల పిల్ల? అదిగో, వంటింట్లో గిన్నెలు సర్దుతోంది చూడు, మీ అమ్మ.

సాయంత్రం నువ్వు ఐసు బండి చూస్తున్నావు. వెనక నించి వచ్చిన ఆటోని అది చూసింది. అందుకే నీ రెక్క లాగింది. ఇంటికొచ్చాక కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేక కింద పెట్టేసింది, నేను చూశాను. భయమేసిందని నీకు చెప్పలేదు, అంతే.

ఏయ్, ఎక్కడికే లేచావు? మాట్లాడనన్నావుగా! సరే, పో పో. గడప చూసుకో. వెళ్ళి దాని కొంగు పట్టుకో, నేనిక్కణ్ణించే ముగిస్తాను.

కథేమో కంచికి,
పదిహేడు పిల్లలూ అమ్మ నోటికి,
అలిగిన బంగారం అమ్మ ఒడికి,
ముసల్దాని తల దాని దిండుకి.