రాని వాళ్ళ సమ్మతి

కృష్ణ ఒడ్డున కొండ మీద ఒక విహారం ఉండేది. దాని పెద్దరికం పుణ్ణకుడనే భిక్షువు నెత్తిన పడి ఒక్క వానాకాలమైనా గడవలేదు, అప్పుడే విహారం రెండు ముక్కలయ్యేలా ఉంది.

పెద్దరికం ఇచ్చింది గురువు ఇసిదత్తుడు. ఆయనకు చూపు మందగించింది, మోకాళ్ళు అరిగిపోయాయి. "ఇక నువ్వు చూసుకో నాయనా" అని ఒక్క మాట అనేసి సభలో మూల చాప చూసుకున్నాడు. ఇచ్చేవాడికేం, హాయిగా ఇచ్చేస్తాడు. పుచ్చుకున్నవాడికి మాత్రం ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు.

గొడవ ఏమిటంటే, కొండ కింద రేవు దగ్గర గానుగలవాళ్ళందరూ కలిసి భిక్షువుల కోసం కొత్త వసతి కట్టించారు. గాలీ వెలుతురూ ఉన్న గదులు, పక్కనే మంచినీళ్ళ బావి. అందరం దిగిపోదామని రేవతుడు పట్టుబట్టాడు. వయసులో ఉన్నవాడు, మాట పదునైనవాడు. "జనమంతా కింద ఉంటే పైన కూర్చుని ఎవరికి ధర్మం చెబుతాం భంతే, కోతులకా?" అనేవాడు. కుర్రభిక్షువులంతా అతని వైపు. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు గొణిగి, చివరికి సరే పోనీ అన్నారు.

ఒక్క తిస్సుడే మిగిలాడు. ముసలాయన, మొండి ఘటం. గంజి పల్చనైతే ఒక తగువు, చిక్కనైతే ఒక తగువు. దిగడమన్న మాట ఎత్తితే చాలు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఆ విహారంలో ఒక కట్టుబాటు ఉంది. ఏ పనైనా సభలో పెద్ద మూడుసార్లు అడగాలి. ఇష్టమైనవాళ్ళు మౌనంగా ఉంటారు, ఇష్టం లేనివాళ్ళు నోరు విప్పుతారు. ఒక్కరు కాదన్నా ఆ పని ఆగిపోతుంది. అసలు సంగతి ఎత్తకముందే ఇంకో ప్రశ్న అడగాలి: "రాని వాళ్ళ సమ్మతి వచ్చిందా?" జబ్బుపడి రాలేనివాళ్ళు తమ మాట ఎవరితోనైనా పంపాలి. అది అందాకే సభ సభవుతుంది.

ఆషాఢ పున్నమి దాటితే వానాకాలమంతా భిక్షువు కదలకూడదు. అందుకే రేవతుడు తెగేసి చెప్పాడు. "ఈ పున్నమికి తేలకపోతే నేనూ నాతో వచ్చేవాళ్ళూ ఆ సాయంత్రమే దిగిపోతాం. ఇక మా సభ మాది, మీ సభ మీది." చెప్పి ఊరుకోలేదు. మూట కట్టి తన గది గడప పక్కన పెట్టాడు. పుణ్ణకుడు ఎటు వెళ్ళినా ఆ మూట కళ్ళబడేది. తన గురువు ఇన్నేళ్ళు ఒక్కటిగా నిలిపిన సంఘం తన చేతుల్లోకి వచ్చీ రాగానే చీలిపోతుందా? తిస్సుడు కాదంటే రేవతుడు పోతాడు. తిస్సుణ్ణి కాదంటే కట్టుబాటు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరిగ్గా పున్నమి ముందు రోజు తిస్సుడికి జ్వరం తగిలింది.

ఆ కబురు విన్నప్పుడు పుణ్ణకుడి గుండెల మీంచి బరువు దిగింది. దిగినందుకు సిగ్గు కూడా వేసింది. అయినా మనసుకు సర్దిచెప్పుకోవడం ఎంతసేపు? పాపం, ముసలాయన వణికిపోతున్నాడు, ఇప్పుడు వెళ్ళి లేపడం ఏం న్యాయం అనుకున్నాడు. సమ్మతి తెమ్మని ఆయన గదికి ఎవరినీ పంపలేదు.

పున్నమి మధ్యాహ్నం సభ కూడింది. బయట మబ్బు పట్టి చీకటిగా ఉంది. పుణ్ణకుడు లేచి నిలబడ్డాడు. అడగవలసిన మొదటి ప్రశ్న అడగకుండానే అసలు సంగతిలోకి దిగిపోయాడు.

"భంతే, సంఘం నా మాట వినుగాక. సంఘమంతా కింది వసతికి తరలి వెళ్ళాలని తలపెట్టాం. ఇష్టమైనవారు మౌనంగా ఉండండి. ఇష్టం లేనివారు మాట్లాడండి."

ఎవరూ మాట్లాడలేదు. ప్రశ్న ఒకటి జారిపోయిందని ఎవరూ గమనించలేదనుకున్నారా? అందరూ గమనించారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నేల చూపులు చూశారు. రేవతుడు కూడా చూపు తిప్పుకున్నాడు. అందరిదీ తేలు కుట్టిన దొంగ వాలకమే.

రెండోసారి అడిగాడు. ఇంకొక్కసారి, అంతే, గండం గడిచిపోతుంది అనుకున్నాడు.

మూల నుంచి చప్పుడైంది. ఇసిదత్తుడు లేస్తున్నాడు. లేచి, వంగి, తన చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు. కర్రతో తడుముకుంటూ గడప దాటి బయటికి నడిచాడు.

పుణ్ణకుడు వెనకే పరుగెత్తాడు. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.

"భంతే, సభ మధ్యలో లేచి ఎక్కడికి?"

"సభకే వెళ్తున్నాను నాయనా."

ఆయన ఆగలేదు. తిస్సుడి గది కొండ చివర ఉంది. దారంతా రాళ్ళు, తడికి జారుడు. పుణ్ణకుడు చెయ్యి పట్టుకోబోతే ఆయన విదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. వెనక ఒకరొకరే లేచి వచ్చారు. కాసేపటికి సభలో ఖాళీ చాపలు తప్ప ఏమీ మిగల్లేదు.

తిస్సుడు నిద్రపోతున్నాడు. దుప్పటి చాలక మోకాళ్ళు గడ్డానికి ముడుచుకున్నాడు. ఇసిదత్తుడు వసారాలో చాప పరచుకుని కూర్చున్నాడు. ఆ వసారాలో పట్టేది నలుగురైదుగురే. మిగిలినవాళ్ళు వానలోనే నిలబడ్డారు.

రేవతుడి పక్కనున్న కుర్రభిక్షువు మెల్లగా అన్నాడు. "ఆయనా ఇక్కడే ఉన్నారు, ఏమీ అనడం లేదు. మూడోసారి ఇక్కడే అడిగేస్తే పోతుందిగా?"

"నిద్రపోయేవాడి మౌనం మనం ఏం చేసుకుంటాం?" అన్నాడు ఇసిదత్తుడు.

అంతే, అందరూ నిలబడిపోయారు. వాన పెరిగింది. కాషాయాలు ఒంటికి అంటుకుపోయాయి. పుణ్ణకుడు ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి రేవతుడి వైపు చూస్తున్నాడు. పొద్దు వాలిపోతోంది. ముసలాయన లేవకపోతే పున్నమి దాటిపోతుంది, లేస్తే కాదంటాడు. లేవాలని కోరుకోవాలో, లేవకూడదని కోరుకోవాలో పుణ్ణకుడికి తెలియలేదు. ఎందుకొచ్చిన పెద్దరికం ఇది అని ఏడుపొచ్చింది.

చివరికి తిస్సుడు దగ్గుతూ కళ్ళు తెరిచాడు. గుమ్మం నిండా బోడిగుండ్లు.

"ఏమిటిది? నేను పోయాననుకున్నారా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పుణ్ణకుడు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూడోసారి నుంచి కాదు, మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"రాని వాళ్ళ సమ్మతి వచ్చిందా?"

"రాని వాళ్ళెవరూ లేరు" అన్నాడు ఇసిదత్తుడు.

పుణ్ణకుడు సంగతి చెప్పి అడిగాడు. తిస్సుడు కళ్ళు మూసుకున్నాడు. పుణ్ణకుడు రెండోసారి అడిగాడు. చూరు నీళ్ళు తప్ప చప్పుడు లేదు. మూడోసారి అడిగాడు.

"నాకు ఇష్టం లేదు" అన్నాడు తిస్సుడు.

వానలో ఎవరో నిట్టూర్చారు.

"ఎందుకని అడగరే? కింద సంత గోల, నాకు నిద్ర పట్టదు." గోడ వైపు చూస్తూ అన్నాడు. "అదేం కాదులే. ఈ మెట్లు దిగితే మళ్ళీ ఎక్కలేను. నేను కాషాయం కట్టింది ఈ కొండ మీద. పోయేదీ ఇక్కడే పోవాలని ఉంది. దిగాలంటే భయంగా ఉంది."

ఆ మనిషి నోట భయమన్న మాట ఎవరూ ఏనాడూ వినలేదు. అయినా మాట మాటే. తరలింపు ఆగిపోయింది. పుణ్ణకుడు తల తిప్పి చూసేసరికి రేవతుడు లేడు.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. తెల్లవారగానే పుణ్ణకుడు రేవతుడి గడప దగ్గరికి వెళ్ళాడు. మూట లేదు.

మెట్ల దాకా పరుగెత్తాడు. కడిగినట్టున్న మెట్లు, మనిషి జాడ లేదు. అయిపోయింది, గురువుగారికి ఏ ముఖం చూపించను అనుకుంటూ వెనక్కి నడుస్తుంటే తిస్సుడి గదిలోంచి తగువు వినిపించింది.

"డోలీ కట్టి మోసుకెళ్తాం, మీరు రమ్మన్ననాడు మోసుకొస్తాం అంటున్నానుగా!"

"నీ మాట నమ్మి దిగితే నా పని అయిపోయినట్టే. గంజి పల్చగా ఉంది."

"నోరు మూసుకుని తాగండి భంతే. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను."

"అడుగు. నేనూ మళ్ళీ వద్దంటాను."

పుణ్ణకుడు తొంగిచూశాడు. రేవతుడు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. మూట విప్పి ఉంది. అందులోని కొత్త కాషాయం తిస్సుడి మీద కప్పి ఉంది.

రేవతుడు బయటికి వచ్చాక పుణ్ణకుడు అడిగాడు. "వెళ్ళిపోతానన్నావుగా?"

"మెట్ల దాకా వెళ్ళాను భంతే." రేవతుడు గిన్నె అడుగు గోకాడు. "నాతో వచ్చేవాళ్ళంతా నేనేమంటే అదే అనేవాళ్ళు. రేపు కింద నాకు జ్వరమొస్తే, నన్ను అడగడానికి వానలో ఎవరొస్తారని బెంగ పట్టుకుంది. వెనక్కి వచ్చేశాను."

పుణ్ణకుడు గురువును వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇసిదత్తుడు బండ మీద కూర్చుని, నిన్న తడిసిన చాపను పిండడానికి తంటాలు పడుతున్నాడు.

"భంతే, నిన్న సభలో నేను అడగవలసిన మాట ఒకటి అడగలేదు."

"విన్నాను."

"తెలిసే అడగలేదు."

ఇసిదత్తుడు తలూపాడు. పుణ్ణకుడు ఆ కాస్త శుభవార్తయినా చెబుదామని అన్నాడు.

"పోతారనుకున్న ఇద్దరూ మనకు మిగిలారు భంతే."

"ముగ్గురు" అన్నాడు ఇసిదత్తుడు, మసక కళ్ళు పుణ్ణకుడి వైపు తిప్పి.

పుణ్ణకుడు వంగి, చాప రెండో కొస పట్టుకున్నాడు.