అన్నా అని పిలిచిన ఏలీసమ్మ

1930 ఏప్రిల్ పదమూడు, మట్టల ఆదివారం. పొద్దున ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటోంది. మబ్బు తునక లేదు. పడమటిగాలి ఇసుకను లేపి కళ్లల్లో కొడుతోంది. కథకి తేదీ ఎందుకు, అనగనగా అంటే చాలదా అంటారు పిల్లలు. చాలు. కానీ ఆ తేదీ మా అమ్మ నాకు పదిసార్లు చెప్పింది. చెప్పిన గొంతు పోయింది గనక తేదీనైనా ఉంచుకుంటాను.

అనగనగా కాలవ చివర, సముద్రానికి కూతవేటు దూరంలో, మొగలిపర్రు పేట. బావి ఎక్కడ తవ్వినా ఉప్పే. ఆ పేటలో ఏలీసమ్మ అనే విధవరాలు తాటాకు చాపలు అల్లుకుని బతికేది. ఆమెకి అమ్మానాన్నలు లేరు, అక్కచెల్లెళ్లు లేరు, అన్నదమ్ములు లేరు.

ఆ రోజు పట్నం నుంచి పాదిరి సమూయేలు అయ్యగారు వచ్చారు. హెబ్రీ భాష చదువుకున్న మనిషి. జనమంతా పచ్చి తాటిమట్టలు పట్టుకుని "హోసన్నా, హోసన్నా" అంటూ పేట చుట్టి వచ్చి గుడిలో కూర్చున్నారు. పచ్చిమట్టల వాసన గుడినిండా ఉండేదట. ఆ వాసన నేనూ ఎరుగుదును.

"ఈ హోసన్నా పుట్టిన కీర్తన అసలు భాషలో వినండి" అని అయ్యగారు చదివారు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏలీసమ్మకి మాత్రం ఒకటి అర్థమైంది. అయ్యగారు చేతులెత్తి, దేవుణ్ణి "అన్నా" అన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ సాయంత్రం ఏలీసమ్మ మోకరించి "అన్నా" అంది. మర్నాడూ అంది. ఆ మర్నాడూ అంది.

పేట గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి కృపావరం విని మండిపడ్డాడు. "దేవుడు తండ్రి. అన్నేవిటే, వరస తప్పి?"

"అయ్యగారే పిలిచారు కదండీ. అంత చదివినాయన వరస తప్పుతారా?"

పేటలో ఆడవాళ్లకి నవ్వు ఆగలేదు. "ఏలీసమ్మొదినా, మీ అన్న అంత కలిగినవాడు కదా, నీ ఇల్లు కురుస్తోందేం?"

"వస్తాడులే. అన్నలెప్పుడూ ఆలస్యంగానే వస్తారు" అనేది.

ఏడాది తిరిగింది. ఏటా ఎండాకాలం రెండు నెలలు కాలవలు కట్టేస్తారు. కట్టేసేలోగా పేటవాళ్ల మంచినీళ్ల చెరువు నిండాలి. నిండకపోతే పెద్దలకి ఉప్పునీళ్లు, పసివాళ్లకి విరేచనాలు, ఇంటికో ఏడుపు. ఆ ఏడు ఎగువ మోతుబరులు నీళ్లన్నీ తోటలకి మళ్లించుకున్నారు. పేట వైపు తూము తలుపు తాళం లస్కరు గవర్రాజు చేతిలో ఉంది. లస్కరంటే కాలవ నీళ్లు వదిలి కట్టే ఉద్యోగి. "పేటకి నీళ్లు వదిలావో, నీ ఉద్యోగం ఊడుతుంది" అని మోతుబరులు అతనికి ముందే చెప్పారు.

కాలవలు కట్టెయ్యడానికి ఇక మూడు రోజులే ఉన్నాయి.

మొదటి రోజు ఉపదేశి అర్జీ రాసుకుని వెళ్లాడు. "నాకు చదువు రాదు. ఇంజనీరు గారికిచ్చుకోండి" అన్నాడు గవర్రాజు. తూము తెరుచుకోలేదు.

రెండో రోజు పదిమంది కుర్రాళ్లు కర్రలతో వెళ్లారు. "వదుల్తావా, లేదా?"

"చంపుతారా? చంపండి. తాళంచెవి ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు." తూము తెరుచుకోలేదు.

మూడో రోజు ఏలీసమ్మ వెళ్లింది. వట్టి చేతులతో వెళ్లింది.

"అన్నా" అంది.

తూము మీద కూర్చున్న గవర్రాజు దిగ్గున లేచాడు. ఆ రోజుల్లో పేట మనిషి ఊరి మనిషిని అయ్యా అనాలి, బాబూ అనాలి, దొరా అనాలి.

"ఏవన్నావ్? నేను నీకు అన్ననా? వరసలు కలిపేంత పొగరా?"

"పొగరు కాదన్నా. ఒకర్ని అడగడానికి నాకీ ఒక్క మాటే వచ్చు. దేవుణ్ణీ ఇలాగే పిలుస్తున్నాను. ఏడాదయింది. ఆయనకి కోపం రాలేదు."

గవర్రాజు కాలవకేసి చూశాడు. "అయితే ఆయనేం ఇచ్చాడు?"

"ఇంకా ఏవీ అడగలేదన్నా. పిలవడమే బాగుందని పిలుస్తున్నాను. ఇవాళే అడగడం. ఆయన్ని నీళ్లు, నిన్ను తాళం."

గవర్రాజు మొలలోంచి తాళంచెవి తీశాడు. "పొద్దుగుంకేదాకానే" అన్నాడు. పొద్దుగుంకేసరికి పేట చెరువులో నీళ్లు గట్టు తాకాయి. నాలుగో రోజున గవర్రాజు ఉద్యోగం పోయింది.

తర్వాత సమూయేలు అయ్యగారు వచ్చినప్పుడు ఉపదేశి ఫిర్యాదు చేశాడు. అయ్యగారు ముందు నవ్వారు, తర్వాత నవ్వు మానేశారు. "హెబ్రీలో ఆ మాటకి అర్థం అన్న కాదు. ఏదైనా అడిగే ముందు మనం బాబ్బాబు అంటామే, అదీ ఆ మాట. హోసన్నాలో చివరి 'నా' కూడా అలాంటిదే. రక్షించు, బాబ్బాబు అని. మీరంతా దాన్ని గెలిచినవాళ్లలా కేకలేస్తున్నారు."

ఏలీసమ్మ మొహం వాడిపోయింది. "అయితే అన్న కాదా అయ్యగారూ? మరి నేనేమని పిలవాలి?"

అయ్యగారు ఆమె తలమీద చెయ్యి పెట్టారు. "అలాగే పిలువమ్మా. అర్థం మాకు తెలుసు. అడగడం నీకు తెలుసు."

ఎన్నేళ్లకో ఏలీసమ్మ పోయింది. ఆడకూతురు పోతే పుట్టింటివాళ్లు చీర తేవాలి. ఆమెకి పుట్టిల్లే లేదు. పెట్టె లేపబోతుంటే, చంకలో నీలం అంచు చీరతో గవర్రాజు కాలవగట్టు దిగి వచ్చాడు. ఊరి మనిషి పేటలో చావుకి రావడం అదే మొదలు. "చెల్లెలికి" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

ఇప్పటికీ ఆ పేటలో మట్టల ఆదివారం హోసన్నాకి ముందు మూడుసార్లు "అన్నా" అంటారు. గట్టిగా కాదు, మెల్లిగా. ఎవరైనా తీరని పని అడగబోతే "ఏలీసమ్మ మాటతో అడుగుతున్నాను" అంటారు. ఆ మాటకి కాదనడం కష్టం.

ఆమె తాటాకు కత్తి పక్కింటి సాలోమికి వచ్చింది. మేక ఉపదేశి కృపావరానికి వచ్చింది, ఆమే చెప్పి పోయింది. ఇంటి దూలాలు గుడి వసారాకి వెళ్లాయి. అల్లిన చాపలు మూడు మిగిలితే, అవి గవర్రాజుని పట్టుకెళ్లమన్నారు.

"ఆడపడుచు సొమ్ము అన్న ముట్టకూడదు" అని గవర్రాజు ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయాడు.