మూడు సోలల బుర్ర, ఏడు సోలల బుర్ర

చింతలకోన అడవిలో ఎలుగుబంట్లు, కోతులు, కుందేళ్ళు, చిలుకలు కలిసిమెలిసి ఉండేవి. వాటి పిల్లలకు లెక్కలు చెప్పేది సూరమ్మ అనే ముసలి ముళ్ళపంది.

సూరమ్మకు ఈమధ్య మతిమరుపు పట్టుకుంది. మొన్న తన బొరియే అనుకొని కుందేళ్ళ బొరియలో దూరింది. పాపం కుందేళ్ళు పొద్దుగూకేదాకా ఒకదాని ఒంట్లో ముళ్ళు ఒకటి పీక్కుంటూ కూర్చున్నాయి. రేపు పిల్లల ముందు లెక్కే మరిచిపోతే? ఆ దిగులుతో ఆమెకు దుంపముక్క గొంతు దిగడం లేదు.

ఆమె దగ్గరే చదువుకున్న చిలుక గలగలయ్యకు మాత్రం విన్నదాంట్లో ఒక్క అక్షరం జారిపోదు. "ముసలమ్మను ఇంక ఇంట్లో కూర్చోబెట్టండి. బడి నాకివ్వండి" అని కొమ్మకొమ్మకూ చెప్పుకొచ్చాడు.

ఒకరోజు బోడెన్న అనే ఎలుగుబంటి ఇప్పపూలు తెగమేసి, కడుపు పట్టుకొని దొర్లుకుంటూ వచ్చాడు. వాము కషాయం కాయాలి. దానికి సరిగ్గా నాలుగు సోలల నీళ్ళు కావాలి. తగ్గితే నోరు మండుతుంది, ఎక్కువైతే పనిచెయ్యదు.

"సరిగ్గా కొలిచినవాళ్ళదే బడి. త్వరగా తేల్చండి" అని మూలిగాడు బోడెన్న. అందరూ సరేనన్నారు.

అడవిలో కొలతకు ఉండేవి రెండే సొరబుర్రలు. ఒకటి ఐదు సోలలది, రెండోది మూడు సోలలది. ఐదు సోలల బుర్రను కోతి నెత్తిన పెట్టుకొని గెంతి, ఆ పొద్దున్నే పగలగొట్టింది. దాని బదులు ఏడు సోలల బుర్ర తెచ్చి పెట్టింది.

"ఏదైతేనేం, పెద్ద బుర్రేగా" అన్నాడు గలగలయ్య. కళ్ళు మూసుకొని, ఐదు, మూడు సోలల బుర్రలతో నాలుగు కొలిచే సూరమ్మ పాత పాఠం అందుకున్నాడు. "పెద్దది నింపు. దాంతో చిన్నది నింపు. చిన్నది పారబొయ్యి. పెద్దదాంట్లో మిగిలింది చిన్నదాంట్లో పొయ్యి."

కోతి పోసింది. చిన్న బుర్ర పొంగి బోడెన్న పొట్ట తడిసింది.

"పొంగిపోతోందయ్యా" అంది కోతి.

"పాఠంలో పొంగడం లేదు. పెద్దది మళ్ళీ నింపు. దాంతో చిన్నదాన్ని నిండా చెయ్యి."

"అది నిండే ఉంది."

"మరీ మంచిది. పెద్దదాంట్లో ఉన్నవే నాలుగు సోలలు."

ఆ ఏడు సోలల కషాయం తాగి బోడెన్న కుండలా ఉబ్బాడు. "ఇందాక పూలే ఉన్నాయి, ఇప్పుడు చెరువు కూడా చేరింది" అని ఏడ్చాడు.

సూరమ్మ వంతు వచ్చింది. పాత లెక్క ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ముళ్ళన్నీ వాలిపోయాయి.

"మొదటి మాట అందించమంటావా, పంతులమ్మా?" అన్నాడు గలగలయ్య.

"వద్దు నాయనా. గుర్తు లేదు గనక బుర్రల్నే అడుగుతాను." ఆమె కోతి వైపు తిరిగింది. "ఇందులో ఎన్ని పడతాయే?"

"ఏడు."

"ఇందులో?"

"మూడు."

"ఏడులో మూడు పోతే?"

"నాలుగు" అంది ఒక కుందేలు పిల్ల.

"అయితే పెద్దది నింపి, చిన్నది నిండేదాకా పొయ్యి. ఇక ఆగు."

కోతి ఆగింది.

"అంతేనా?" అన్నాడు గలగలయ్య.

"అంతే. ఇందాక నువ్వూ ఇక్కడిదాకా వచ్చావు. ఆగలేదు."

పెద్దదాంట్లో మిగిలిన నాలుగు సోలలతో కాచిన కషాయం తాగి బోడెన్న కోన దద్దరిల్లేలా త్రేన్చి లేచాడు. బడి సూరమ్మకే మిగిలింది. గలగలయ్య వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

మర్నాడు కుందేలు పిల్ల అడిగింది. "అమ్మమ్మా, నిన్న ఆ నీళ్ళు ఎలా కొలిచావు?"

"మరిచిపోయానమ్మా" అంది సూరమ్మ హాయిగా. "బుర్రలు తెండి, మళ్ళీ కనిపెడదాం."

నీతి: బట్టీ పట్టింది దారి మారితే పనికిరాదు, అర్థం చేసుకున్నది మరిచిపోయినా మళ్ళీ దొరుకుతుంది.