నెమలికంఠం రంగు కారు

పిల్లలూ, మీరు పెరుగుతున్న పరదేశపు ఊళ్లో ఈ కథ తెలిసినవాళ్లు లేరు. అందుకని రాసి పెడుతున్నాను.

బెజవాడ ఆటోనగర్‌లో యేసుపాదం మేస్త్రి అని, కార్లకు రంగులు వేసే పెద్దాయన ఉండేవాడు. ఎవరేం అడిగినా చేతిలో పని ఆపకుండా వినేవాడు. జవాబు మాత్రం ఎప్పుడో గాని ఇచ్చేవాడు కాదు. ఆయన శిష్యుడు మస్తాన్‌వలికి పనితనం ఎంత ఉందో అనుమానమూ అంత ఉంది. ఒకనాడు అతను, "గురువుగారూ, పని పూర్తయిందని ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాడు. మేస్త్రి షెడ్డు మూలనున్న పాత కారు చూపించి, "దాన్ని నువ్వే చెయ్యి" అన్నాడు.

అది రుక్మాంగదరావు గారి అమెరికా కారు. ఎనిమిది సిలిండర్ల ఇంజను, పడవంత ముక్కు. ఆయన వయసులో ఉన్నప్పుడు అది వీధిలోకి వస్తే ఇళ్ల కిటికీలు అదిరేవట. తర్వాత పొగాకు గోడౌనులో పడి తుప్పు పట్టింది. సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టాయి. ఇప్పుడాయన దానికి నెమలికంఠం రంగు, వెండి గీతలు, ఎర్ర తోలు సీట్లు, మొహం కనిపించేంత మెరిసే చక్రాలు కావాలన్నాడు.

"ఈ వయసులో ఈ షోకులేంటి నాన్నా?" అంది కూతురు హైమావతి.

"కళ్లు పోతాయని డాక్టరు తేల్చేశాడుగా. ఆఖరుగా చూసేది కాస్త ఘనంగా ఉండనీవే."

మస్తాన్ నేల తడిపి దుమ్ము అణిచేవాడు. రంగు కొట్టి, ఆరాక వాటర్ పేపర్ అనే గరుకు కాగితాన్ని తడిపి, దాంతో తోమి, మళ్లీ కొట్టేవాడు. అరచేతి కింద పల్చటి గుడ్డ పెట్టి, కళ్లు మూసుకుని రేకంతా తడిమేవాడు. చూపుకు అందని ఎగుడుదిగుళ్లు ఆ గుడ్డకు అందుతాయి.

రావుగారు మొదటిసారి వచ్చినప్పుడు గేటు దగ్గర్నుంచే, "ఏమోయ్ మస్తానూ, గడ్డం పెంచావే, ఎవరి కోసం?" అని నవ్వాడు. ఆ వారమే మస్తాన్ తలుపు అంచు మరీ తోమేసరికి లోపలి ఇనుము బయటపడింది. ఆ పని మళ్లీ మొదటికొచ్చింది. తర్వాత వచ్చినప్పుడు ఆయన దారిలోని రంగు డబ్బాలు తన్నుకుని తూలాడు. "ఇవి ఇక్కడ పెట్టిందెవరయ్యా?" అని విసుక్కున్నాడు. డబ్బాలు ఎప్పుడూ ఉండేచోటే ఉన్నాయి. అప్పటికి కారు సిద్ధమే. కాని పై మెరుపు పూతలో, బానెట్ మీద, ఒక దుమ్ము రేణువు చిక్కుకుంది. ఆవగింజలో సగం లేదు. మస్తాన్ మాత్రం "ఇంకొక్క వారమండీ" అని కారు మీద దుప్పటి కప్పేశాడు. మేస్త్రి అది చూసి తన పనిలో పడ్డాడు.

మళ్లీ వచ్చినప్పుడు రావుగారి చెయ్యి కూతురి భుజం మీద ఉంది. ఆయన నేరుగా మేస్త్రి ముందు నిలబడి, "మస్తానూ, అయిందా?" అన్నాడు.

మస్తాన్ ఇంకా నోరు తెరవకముందే మేస్త్రి దుప్పటి లాగేశాడు. "తొయ్యండ్రా, ఎండలోకి!"

ఎండ తగలగానే ఆ రంగు నీలమో, పచ్చో, ఊదానో తేలకుండా ఈ చివర నుంచి ఆ చివరికి అలలా పాకింది. పక్క షెడ్లలో సుత్తులు ఆగిపోయాయి. వెల్డింగు వాళ్లు నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని వచ్చి నిలబడ్డారు. ఇంజను తిప్పితే ఆ మోత చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది. రావుగారు తల పక్కకు వంచి, కంటి కొనల్లో మిగిలిన చూపుతో, కారు చుట్టూ నడిచాడు. రేణువును దాటి వెళ్లిపోయాడు. మస్తాన్ చూపు దాని మీదే ఉంది.

"అమ్మాయ్, నిలబెట్టిన కారు కదులుతోందే!" అన్నాడు ఆయన.

దసరా నాటికి ఆయన చూపు పూర్తిగా పోయింది. పూజ చేయించడానికి హైమావతి కారును షెడ్డుకు తెచ్చింది. రావుగారు ముందు సీట్లో కూచుని తోలును నిమురుతున్నాడు. మస్తాన్ మేస్త్రి దగ్గరికి వచ్చి, "గురువుగారూ, ఎట్లాగూ వచ్చిందిగా, ఆ రేణువు తీసేయనా?" అని మెల్లగా అడిగాడు.

మేస్త్రి వాటర్ పేపర్ ముక్క ఒకటి తడిపి అతని చేతిలో పెట్టాడు.

"తోముకోరా. ఇంక తొందరేం లేదు."

పిల్లలూ, ఇది మీ పిల్లలకూ చెప్పండి. తెలుగు మాటలు కుదిరేదాకా ఆగకండి. తడబడుతూనే చెప్పండి, వాళ్లు మీ పక్కన కూచుని వినే వయసులో ఉండగానే.